డిజిటల్ వచ్చాక ఫోటోగ్రఫీ: తరచుగా అడిగే ప్రశ్నలు

రీలు కెమెరాతో పని నేర్చుకుని, చెయ్యి తిరిగాక డిజిటల్‌కి మారిన తరం మాది. అందుకే రెండు వైపుల నుంచీ ప్రశ్నలు వస్తుంటాయి. పిల్లలు "డార్క్‌రూమ్‌లో నిజంగా ఎర్ర లైటే ఉండేదా?" అని అడుగుతారు. పెద్దవాళ్లు "ఇప్పుడంతా మిషనే చేసేస్తోంది కదా, ఇక మీరెందుకు?" అంటారు. రెండోది కాస్త గుచ్చుకుంటుంది గానీ న్యాయమైన ప్రశ్నే. పదేపదే అడిగేవాటిని ఇక్కడ ఒకచోట చేర్చాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన చోట ఆగండి.

డిజిటల్ కెమెరా ఎప్పుడు పుట్టింది?

1975 డిసెంబరులో. కొడాక్ కంపెనీలో స్టీవెన్ శాసన్ అనే ఇంజనీరు దాన్ని తయారుచేశాడు. బరువు మూడున్నర కిలోల పైమాటే. ఫోటో నలుపు తెలుపు, అందులో ఉన్నవి మొత్తం 10 వేల పిక్సెళ్లు. ఒక్క ఫోటో క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. చూడాలంటే మళ్లీ టీవీ కావాలి. లోపల ఉన్న, వెలుగుని పట్టే సీసీడీ అనే చిప్పుకి మూలం 1969 నాటి బెల్ ల్యాబ్స్ అనే అమెరికా పరిశోధన సంస్థ. దాన్ని కనిపెట్టిన విల్లర్డ్ బాయిల్, జార్జ్ స్మిత్‌లకు 2009లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది.

ఫోటోని అంకెలుగా మార్చడం మాత్రం అంతకంటే పాతది. 1957లో అమెరికాలో రస్సెల్ కిర్ష్ అనే ఇంజనీరు తన పసివాడి ఫోటో ఒకదాన్ని స్కాన్ చేసి కంప్యూటర్లోకి పంపాడు. వెడల్పు 176 పిక్సెళ్లు, ఎత్తు 176. ఇవాళ మన ఫోన్లో కనిపించే చిన్న ఐకాన్ అంత.

మరి జనం చేతికి రావడానికి పాతికేళ్లు ఎందుకు పట్టింది?

ధర ఒక కారణం, నాణ్యత ఇంకొకటి. 1991లో కొడాక్ అమ్మకానికి పెట్టిన డీసీఎస్ కెమెరా నికాన్ ఎఫ్3 బాడీ మీద కట్టినది. 13 లక్షల పిక్సెళ్లు. ఫోటోలు దాచుకునే హార్డ్‌డిస్కు పెట్టెని వేరే భుజాన తగిలించుకు తిరగాలి. ధర వేల డాలర్లలో, అదీ రెండంకెల వేలల్లో. కొన్నది ఎవరంటే ముఖ్యంగా వార్తాసంస్థలు. వాళ్లకి నాణ్యత కంటే టైము ముఖ్యం. ఆట అయిపోయాక రీలు కడిగి, ఆరబెట్టి, స్కాన్ చేసి పంపేలోపు పత్రిక అచ్చుకి వెళ్లిపోయేది.

1999లో నికాన్ డీ1 వచ్చింది. 27 లక్షల పిక్సెళ్లు, 6 వేల డాలర్ల లోపు. పత్రికా ఫోటోగ్రాఫర్లు అక్కణ్ణుంచి మూకుమ్మడిగా మారడం మొదలైంది. 2003లో కెనాన్ ఈఓఎస్ 300డీ వెయ్యి డాలర్ల లోపు దొరికింది. సరదాకి ఫోటోలు తీసుకునేవాళ్లకి కూడా అప్పుడే తలుపు తెరుచుకుంది.

డార్క్‌రూమ్‌లో అసలు ఏం చేసేవారు? ఎర్ర లైటు ఉండేదా?

ఉండేది, కానీ ప్రింట్లు వేసేటప్పుడే. రీలు కడిగేటప్పుడు ఆ లైటు కూడా ఉండదు, కటిక చీకటి. డబ్బా మూత తీయడం, రీలుని స్పైరల్‌కి ఎక్కించడం, ట్యాంకులో పెట్టి మూత బిగించడం, అంతా చేతి వేళ్లతోనే. ఎక్కడైనా రెండు చుట్లు అతుక్కున్నాయంటే ఆ ముక్క పోయినట్టే. అతుక్కున్న సంగతి కడిగాక గానీ తెలియదు.

ప్రింటు సంగతి వేరు. నెగటివ్‌ని పెద్దది చేసి కాగితం మీద వేసే ఎన్‌లార్జర్ కింద వెలుగు తగిలిన కాగితాన్ని, బొమ్మని పైకి తేల్చే డెవలపర్ ద్రావకం ఉన్న ట్రేలో ముంచి మెల్లగా ఊపుతాం. కొన్ని సెకన్లు ఏమీ ఉండదు, తెల్ల కాగితమే. తర్వాత జుట్టు వస్తుంది. కనుపాపలు వస్తాయి. ముదురు రంగులు ముందు తేలతాయి కాబట్టి మనిషి ముఖం చర్మంతో మొదలవదు, కళ్లతో మొదలవుతుంది. ఎన్ని వందలసార్లు చూసినా నాకు ఆ క్షణం పాతబడలేదు. ఆ వెనకే స్టాప్ బాత్ వెనిగర్ వాసన, వేళ్లకి పట్టుకుని రెండు రోజులైనా వదలని హైపో వాసన. మళ్లీ కావాలనుకునేది ఆ క్షణమే. ఆ వాసనల మీద బెంగ పెట్టుకున్నవాణ్ణి నేను చూడలేదు.

ప్రింటు వేసేటప్పుడు కాగితం మీద వెలుగు పడే చోట చెయ్యి అడ్డం పెడితే ఆ భాగం లేతగా వస్తుంది. చిన్న చోటుకైతే తీగ చివర గుండ్రటి అట్టముక్క అంటించి అడ్డం పెట్టేవాళ్లం. ఎక్కువ సేపు వెలుగు తగలనిస్తే ముదురుతుంది. ఫోటోషాప్‌లో డాడ్జ్, బర్న్ అనే పనిముట్లకి ఒకదానికి పుల్ల మీద గుండ్రటి అట్ట, ఇంకోదానికి ముడిచిన చెయ్యి బొమ్మ ఉంటాయి చూడండి. అవి ఇవే. డార్క్‌రూమ్ గుమ్మం తొక్కనివాళ్లు కూడా రోజూ వాటి మీద నొక్కుతుంటారు.

సెన్సర్ ఫోటోని ఉన్నది ఉన్నట్టు పట్టుకుంటుంది కదా?

పట్టుకోదు. సెన్సర్ అంటే కెమెరాలో వెలుగుని పట్టే చిప్పు. దానికి రంగులు తెలియవు, ఎంత వెలుగు పడిందో మాత్రమే తెలుసు. అందుకని ఒక్కో పిక్సెల్ మీద ఒక్కో రంగు వడపోత పొర పెడతారు. ప్రతి నాలుగింటిలో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. మన కన్ను వివరాన్ని ఎక్కువగా పట్టేది ఆకుపచ్చ ప్రాంతంలోనే గనక దానికి రెండు వాటాలు. కొడాక్‌లోనే పనిచేసిన బ్రైస్ బేయర్ ఆలోచన ఇది, 1976లో పేటెంటు వచ్చింది. ఇవాళ్టికీ దాదాపు అన్ని కెమెరాలూ, ఫోన్లూ ఇదే పద్ధతి.

అంటే ప్రతి పిక్సెల్ దగ్గర ఒక రంగు కొలిచినది, మిగతా రెండూ పక్కవాటిని చూసి లెక్కగట్టినవి. మీ ఫోటోలో రంగు సమాచారంలో మూడింట రెండొంతులు అంచనాయే. "నేను ఎడిట్ చేయను, కెమెరా ఇచ్చింది ఇచ్చినట్టే పెడతాను" అని గర్వంగా చెప్పేవాళ్లని చూస్తే నాకు ఇదే గుర్తొస్తుంది. వాళ్ల బదులు కెమెరాలోని చిప్పు ఎడిట్ చేసింది, అంతే తేడా.

రా, జేపెగ్ గొడవ ఏమిటి?

ఇవి ఫోటో ఫైళ్లలో రెండు రకాలు. జేపెగ్ కెమెరా పూర్తిచేసి ఇచ్చేది, రా సెన్సర్ కొలిచింది కొలిచినట్టు ఇచ్చేది. జేపెగ్ వండిన కూర, రా కోసిన కూరగాయలు. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ల రా ఫైలులో 16,384. ఆకాశం తెల్లగా పాలిపోయినా, ముఖం చీకట్లో పడినా రాలో వెనక్కి లాగే అవకాశం ఎక్కువ. వార్త పంపే తొందర ఉంటే జేపెగ్ చాలు. తీరిక ఉన్న పనికి రా. నేను రెండూ తీస్తాను, డిస్కులు నిండిపోతున్నాయని తిట్టుకుంటాను.

వెనక తెర మీద వెంటనే చూసుకోగలగడం వల్ల ఏం మారింది?

నా లెక్కలో అన్నిటికంటే పెద్ద మార్పు ఇదే. పిక్సెళ్ల గురించి మాట్లాడేవాళ్లు దీన్ని పట్టించుకోరు.

రీలు రోజుల్లో తప్పు తెలియడానికి రోజులు పట్టేది. ఆ ఫోటోకి ఎంత ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) పెట్టామో అప్పటికి మర్చిపోయేవాళ్లం, అందుకే బుద్ధిమంతులు నోటుబుక్కులో రాసుకునేవారు. ఇప్పుడు తప్పు, దిద్దుబాటు మధ్య రెండు సెకన్లు. ఫ్లాషుతో లైటింగ్ నేర్చుకోవడానికి మాకు ఏళ్లు పట్టింది. ఇప్పటి పిల్లలు శ్రద్ధ ఉంటే కొన్ని నెలల్లో పట్టేస్తున్నారు. దీనికి అసూయపడడం తప్ప చేసేదేమీ లేదు.

పోయినదీ ఉంది. ఎదుటి మనిషి ఫోటో తీస్తున్నప్పుడు తెర వైపు చూడ్డానికి తల దించామంటే, అప్పటిదాకా ఇద్దరి మధ్యా ఉన్న తీగ తెగిపోతుంది. ఆ మనిషికీ తెలుస్తుంది, "బాగా వచ్చిందా? ఏదీ చూపించండి" అంటారు. చూశాక తమ గడ్డం గురించి, పొట్ట గురించి ఆలోచన మొదలవుతుంది. ఆ తర్వాత వచ్చే ఫోటోల్లో మనిషి ఉండరు, తమను తాము కాపాడుకుంటున్న మనిషి ఉంటారు. అందుకే మనుషుల పోర్ట్రెయిట్లు తీసేటప్పుడు నేను తెర ఆపేస్తాను. చూపించమంటే "చివర్లో" అంటాను.

అపరిమితంగా తీసుకోవచ్చు కదా, అప్పుడు మంచి ఫోటో రావడం తేలికేగా?

తీయడం తేలికైంది. మంచి ఫోటో దొరకడం తేలిక కాలేదు, ఎందుకంటే పని క్లిక్ దగ్గర్నుంచి ఎంపిక దగ్గరికి జరిగింది.

ఒక రీలులో 36 ఫోటోలు. పెళ్లికి పది పన్నెండు రీళ్లు తీసుకెళ్తే ఘనం. ఇప్పుడు అదే పెళ్లికి మూడు వేల ఫైళ్లతో ఇంటికొస్తాను. మర్నాడు కూర్చుంటాను. మొదటి విడతలో కళ్లు మూసినవి, ఫోకస్ తప్పినవి పోతాయి, అది యంత్రంలా సాగే పని. రెండో విడతలో చిక్కంతా. పెళ్లికూతురు నవ్వుతున్న ఫోటోలు పదకొండు, ఒకే నవ్వు, అరసెకను తేడాలు. నాలుగోదాంట్లో నవ్వు బాగుంది గానీ వెనక వాళ్ల నాన్న ముఖం పక్కకి తిరిగి ఉంది. ఏడోదాంట్లో నవ్వు కాస్త తగ్గింది, నాన్న మాత్రం కూతుర్నే చూస్తున్నాడు. నేను ఏడోది ఉంచుతాను. ఇలా ఒక్కో గుంపు దగ్గరా ఆగాలి. మూడు వేలు నాలుగు వందలు అయ్యేసరికి రెండు రోజులు గడుస్తాయి, నడుము పట్టేస్తుంది.

పదకొండులో ఏడోది ఎందుకో చెప్పలేకపోతే ఆ పదకొండూ దండగే. ఇప్పుడు ఎంపిక చేసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, కళ్లు మూసినవాటిని బాగానే ఏరేస్తాయి. వెనక ఉన్న ఆ మనిషి తండ్రి అని మాత్రం వాటికి తెలియదు.

ఎన్ని మెగాపిక్సెళ్లు కావాలి?

మీ దగ్గర ఇప్పుడున్నవి చాలు. గోడంత ప్రింటు వేయాలన్నా దూరం నుంచే చూస్తారు గనక 24 మెగాపిక్సెళ్లతో (ఒక మెగాపిక్సెల్ అంటే పది లక్షల పిక్సెళ్లు) నడిచిపోతుంది. ఫోటోని బాగా కత్తిరించే అలవాటు ఉంటే ఇంకొన్ని ఉంటే మంచిదే.

ఫోన్‌తో అంత బాగా ఎలా వస్తున్నాయి? సెన్సర్ అంత చిన్నది కదా?

పెద్ద కెమెరాల్లో ఫుల్‌ఫ్రేమ్ అనే సెన్సర్ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు, అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. చాలా ఏళ్లపాటు ఫోన్లలో పెట్టిన మామూలు సెన్సర్ దాదాపు 25 చదరపు మిల్లీమీటర్లు. సుమారు 35 రెట్ల తేడా. వెలుగు పట్టే చోటు అంత తక్కువైతే ఫోటో గరుగ్గా, చుక్కలు చుక్కలుగా రావాలి. రావట్లేదంటే, మీరు తీసేది ఒక ఫోటో కాదు కాబట్టి. మీరు బటన్ నొక్కకముందు నుంచే ఫోన్ వరసగా ఫ్రేములు తీస్తుంటుంది. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, చెయ్యి వణుకుని సరిచేసి, సగటు కడుతుంది. గరుకు ప్రతి ఫ్రేములో వేరేగా ఉంటుంది, బొమ్మ ఒకేలా ఉంటుంది. సగటులో గరుకు కొట్టుకుపోయి బొమ్మ నిలుస్తుంది. గూగుల్ 2018లో తెచ్చిన నైట్ సైట్ చీకట్లో చేసే గారడీ ఈ సూత్రం మీదే.

గారడీ ఎక్కడ ఆగాలన్నదే గొడవ. 2023లో ఒకాయన కావాలని మసకబార్చిన చందమామ బొమ్మని కంప్యూటర్ తెర మీద పెట్టి, గది చీకటి చేసి, ఒక ఫోన్‌తో ఫోటో తీశాడు. తెర మీది బొమ్మలో లేని గుంటలు, మచ్చలు ఫోన్ ఫోటోలో ప్రత్యక్షమయ్యాయి. చందమామ ఎలా ఉంటుందో ముందే నేర్చుకున్న ఫోన్, చూసినదానికి తనకు తెలిసింది కలిపింది. చందమామ విషయంలో పోనీలే అనుకోవచ్చు. ముఖం విషయంలో?

అయితే పెద్ద కెమెరా ఎందుకింకా?

దూరంగా పరిగెత్తే మనిషి, చీకటి వేదిక, ఫ్లాషులతో కట్టిన లైటింగ్. వీటిల్లో పెద్ద సెన్సర్‌కీ పెద్ద లెన్స్‌కీ సాటి లేదు. ఇంటి ఫోటోలకి ఫోనే వాడండి, నేనూ అదే వాడతాను.

ఎడిటింగ్ మోసం కాదా? పాత ఫోటోలు నిజాయితీగా ఉండేవి కదా?

ఆ పాత నిజాయితీ ఎప్పుడూ లేదు. 1857లోనే ఆస్కర్ రెయిలాండర్ అనే ఫోటోగ్రాఫర్ ముప్పైకి పైగా నెగటివ్‌లు కలిపి ఒకే పెద్ద చిత్రం తయారుచేశాడు. స్టాలిన్ రోజుల్లో పదవి పోయిన మనుషులు ఫోటోల్లోంచి కూడా మాయమయ్యేవారు, ఆ పని బ్లేడుతో, రంగుతో జరిగేది. ప్రకృతి దృశ్యాలకి పేరుపడిన ఆన్సెల్ ఆడమ్స్ పియానో నేర్చుకున్నవాడు కాబట్టి నెగటివ్‌ని స్వరలిపితో, ప్రింటుని కచేరీతో పోల్చేవాడు. లిపి ఒకటే, పాడిన ప్రతిసారీ పాట కొంచెం వేరు. తన నెగటివ్‌ల నుంచే దశాబ్దాల తేడాతో వేరే వేరే ప్రింట్లు వేశాడు.

కంప్యూటర్‌తో మొదటి పెద్ద రచ్చ 1982 ఫిబ్రవరిలో. నేషనల్ జియోగ్రాఫిక్ అట్ట మీద అడ్డంగా తీసిన గిజా పిరమిడ్ల ఫోటోని నిలువు అట్టకి సరిపెట్టడానికి పిరమిడ్లని దగ్గరికి జరిపారు. అప్పుడు దానికి వాడిన యంత్రం కొనడం పెద్ద ప్రచురణ సంస్థలకే సాధ్యం. 1990లో నోల్ అన్నదమ్ముల ఫోటోషాప్ విడుదలైంది, పిరమిడ్లని జరిపే పని ఎవరి బల్ల మీదైనా చేసుకోగలిగేది అయింది. మోసం పుట్టలేదు, చవకైంది.

ఎక్కడ ఏది తప్పు అన్నది ఫోటో ఇచ్చే మాటని బట్టి ఉంటుంది. వార్తాచిత్రం "ఇది జరిగింది" అని మాటిస్తుంది. అక్కడ ఒక్క చెయ్యి తీసేసినా తప్పే. 2003 ఇరాక్ యుద్ధంలో ఒక పత్రిక ఫోటోగ్రాఫర్ రెండు ఫ్రేములు కలిపి ఒకటి చేసి పంపాడు. వెనక ఉన్న ఒకే మనిషి రెండుసార్లు కనిపించడంతో దొరికిపోయి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 2015లో వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో చివరి ముందు విడతకు చేరినవాటిలో 20 శాతం ఫోటోలని మార్పులు చేసినందుకు పక్కన పెట్టారు. అదే ఏడాది రాయిటర్స్ వార్తాసంస్థ తనకి ఫోటోలు పంపే బయటి ఫోటోగ్రాఫర్లకి రా నుంచి తయారుచేసినవి వద్దని, కెమెరా జేపెగ్‌లే పంపమని చెప్పింది.

పెళ్లి ఫోటో ఇచ్చే మాట వేరు. ఆ రోజే ముఖం మీద లేచిన మొటిమని తీసేస్తాను. పుట్టుమచ్చని తీయను, అడిగితే తప్ప. నడుము సన్నం చేయమని అడుగుతారు. చేసినరోజులు ఉన్నాయి, ఇప్పుడు ఇష్టం లేదని చెప్పేస్తున్నాను.

కళగా ఫోటోగ్రఫీలో డిజిటల్ తెచ్చిన కొత్తదనం ఏమిటి?

మంచి ఉదాహరణలు రెండు. కెనడాకి చెందిన జెఫ్ వాల్ 1993లో జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ చెక్కబొమ్మ ముద్రణ ఒకదాన్ని ఆధారం చేసుకుని, హఠాత్తుగా వీచిన గాలికి కాగితాలు ఎగిరిపోతున్న దృశ్యాన్ని కట్టాడు. నటులతో ఏడాదికి పైగా తీసిన వందకు పైగా ఫోటోలు కలిపితే అది ఒక్క క్షణంలా కనిపిస్తుంది. అసలు ఎప్పుడూ జరగని క్షణం. జర్మనీకి చెందిన ఆండ్రియాస్ గుర్‌స్కీ 1999లో రైన్ నదిని తీశాడు. పచ్చిక, నది, పచ్చిక, ఆకాశం, అన్నీ అడ్డగీతలు. అవతలి ఒడ్డున ఉన్న కట్టడాలని కంప్యూటర్లో తుడిచేశాడు. 2011లో అది 43 లక్షల డాలర్లకు అమ్ముడై, అప్పటికి ఫోటోల్లో రికార్డు ధర పలికింది.

వీళ్లు ఫోటోని తీయలేదు, చిత్రకారుడిలా కట్టారు. నాకు గుర్‌స్కీ పని మీద గౌరవం ఉంది. నా గోడకి మాత్రం తగిలించుకోను, అందులో గాలి ఆడదు.

మామూలు స్థాయిలో జరిగిన మార్పుకి ఇంత పేరు లేదు గానీ అదే ఎక్కువమందిని తాకింది. ఫోటో అరచేతిలోని తెరకి సరిపోయేలా తయారవుతోంది. నిలువు ఫ్రేము, మధ్యలో ఒకటే వస్తువు, గాఢమైన రంగులు. మూలల్లో ఏదో చిన్న సంగతి దాచిన ఫోటో వేలి కింద జారిపోతుంది. మరోపక్క, ఎక్కడివాళ్లైనా ఎక్కడి పనైనా చూడగలగడం వల్ల కొత్తవాళ్ల చూపు త్వరగా పదునెక్కుతోంది, ఆ వెంటే అందరి ఫోటోలూ ఒకేలా అవుతున్నాయి. ఒకే గుట్ట అంచున, ఒకే వైపు తిరిగి నిలబడ్డ మనిషి వీపు ఎన్ని వేలసార్లు చూశామో.

వృత్తిగా ఎవరికి దెబ్బ తగిలింది?

మొదట ల్యాబులకి. రంగు ల్యాబులో పనిచేసినవాళ్లు, నెగటివ్ మీద సన్నటి కుంచెతో టచప్ చేసే నిపుణులు, వీళ్ల పని అలాగే ఆగిపోయింది. 1935లో వచ్చిన కొడాక్రోమ్ ఫిల్ము తయారీ 2009లో ఆగింది. దాన్ని కడిగే చివరి ల్యాబు అమెరికాలోని కాన్సాస్‌లో ఉండేది, 2010 డిసెంబరు 30 తర్వాత రీళ్లు తీసుకోవడం మానేసింది. 2012 జనవరిలో కొడాక్ దివాలా రక్షణ కోరింది. కొన్ని నెలలకే, పదిమందికి కాస్త పైబడ్డ ఉద్యోగులున్న ఇన్‌స్టాగ్రామ్‌ని ఫేస్‌బుక్ వంద కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించింది. కొడాక్ నిద్రపోయిందని అందరూ ఎగతాళి చేస్తారు. 1991 కెమెరా ఎవరిదో పైన చూశారుగా. ఫిల్ము మీద వచ్చే లాభం డిజిటల్‌లో ఎవరికీ రాలేదు, కష్టం అక్కడుంది.

తర్వాత పత్రికా ఫోటోగ్రాఫర్లకి. 2013 మేలో షికాగో సన్‌టైమ్స్ పత్రిక తన 28 మంది పూర్తికాల ఫోటోగ్రాఫర్లనీ ఒకేసారి తీసేసింది. వాళ్లలో పులిట్జర్ బహుమతి అందుకున్నాయన కూడా ఉన్నాడు. విలేఖరులకి ఫోన్‌తో ఫోటోలు తీయడం నేర్పించారు. స్టాక్ ఫోటోలు, అంటే ముందే తీసిపెట్టి ఎవరికి కావాలంటే వాళ్లకి ఇచ్చే ఫోటోలు, అమ్మి బతికేవాళ్లది ఇంకో కథ. 2000లో మొదలైన ఐస్టాక్‌ఫోటో లాంటి సైట్లలో వందల డాలర్లు పలికే ఫోటో డాలరుకి, రెండు డాలర్లకి దొరకసాగింది. తీసినవాళ్లు చాలామంది వేరే ఉద్యోగం ఉన్నవాళ్లు, వచ్చిందే లాభం అనుకున్నవాళ్లు. వాళ్లని తప్పుపట్టలేం.

చివరికి కెమెరా కంపెనీలకీ తగిలింది. జపాన్ కెమెరా తయారీదార్ల సంఘం లెక్కల్లో 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు ఎగుమతి, పంపిణీ అయ్యాయి. 2020లో కోటి కూడా లేవు. ఫిల్ముని తిన్న చిన్న డిజిటల్ కెమెరాని ఫోన్ తినేసింది.

ఈ పోటీలో మేం ఓడింది మంచి ఫోటోల చేతిలో కాదు, "ఇది చాలులే" అనే ఫోటోల చేతిలో. వెబ్‌సైట్ పక్కన వేసే చిన్న బొమ్మకి గొప్ప ఫోటో ఎవరికీ అక్కర్లేదు. నిజానికి ముందూ అక్కర్లేదు, కానీ అప్పట్లో "చాలులే" ఫోటోకి కూడా మనిషిని పిలవాల్సి వచ్చేది.

ఎవరూ బాగుపడలేదా?

పడ్డారు. రీటచింగ్, అంటే తీసిన ఫోటోని దిద్దే పని, ఒక వృత్తిగా పెరిగింది. ఆన్‌లైన్ అమ్మకాలు పెరగడంతో ప్రతి చెప్పుకీ, ప్రతి చెంబుకీ తెల్ల నేపథ్యంలో ఫోటో కావాలి. 2008లో కెనాన్ 5డీ మార్క్ 2 ఫోటో కెమెరాతోనే పెద్ద సెన్సర్ వీడియో తీసే వీలు తెచ్చాక ఫోటోగ్రాఫర్లు చాలామంది వీడియోలోకి నడిచారు. ఇప్పుడు "వీడియో కూడా తీస్తారు కదా?" అన్నది ప్రశ్న కాదు, షరతు.

రెండు గంటల పనికి అంత ఎందుకు అడుగుతారు?

మీరు చూసింది రెండు గంటలు. ఎంపిక, రంగులు సరిచేయడం, బ్యాకప్ కలిపితే రెండు రోజులు. ఇంకో సంగతి: వర్షం పడినా, కరెంటు పోయినా, కెమెరా మొరాయించినా మీకు ఫోటోలు అందుతాయన్న పూచీకి కూడా మీరు డబ్బిస్తున్నారు. నా సంచీలో రెండో కెమెరా ఉండేది అందుకే. ఫోటో తీయగలిగేవాళ్లు ఇప్పుడు అందరూ. పూచీ పడేవాళ్లు ఇంకా కొందరే.

తీసినవన్నీ, రా ఫైళ్లతో సహా ఇచ్చేయమని అడగచ్చా?

అడగచ్చు, ముందే మాట్లాడుకుంటే కొందరు ఇస్తారు. నేను ఇవ్వను. పైన చెప్పిన పదకొండు నవ్వుల్లో మిగతా పది మీకు పంపితే, నా పేరుతో బయట తిరిగేది వాటిల్లో ఏదో ఒకటి అవుతుంది.

ఏఐ బొమ్మలు వచ్చాక ఇక ఫోటో పని అయిపోయినట్టేనా?

2023లో జర్మనీకి చెందిన బోరిస్ ఎల్డాగ్‌సెన్ సోనీ వరల్డ్ ఫోటోగ్రఫీ అవార్డుల్లో ఒక విభాగంలో గెలిచి, అది ఏఐతో చేసిన బొమ్మ అని చెప్పి బహుమతి తీసుకోనన్నాడు. మరుసటి ఏడాది మైల్స్ ఆస్ట్రే అనే ఫోటోగ్రాఫర్ దీన్ని తిరగేశాడు. నిజమైన ఫ్లెమింగో ఫోటోని ఒక పోటీలో ఏఐ విభాగానికి పంపాడు. పక్షి పొట్ట గోక్కుంటుంటే తల కనిపించక, చూడ్డానికి తలలేని పక్షిలా ఉంటుంది. బహుమతి వచ్చింది, సంగతి చెప్పాక తీసేశారు. రెండుసార్లూ న్యాయనిర్ణేతలు వెర్రివాళ్లేం కాదు. బొమ్మని చూసి చెప్పలేని రోజు వచ్చేసిందంతే.

చూసి చెప్పలేనప్పుడు పుట్టుక పత్రం కావాలి. ఫోటో తీసిన క్షణంలోనే కెమెరా ఫైలుకి డిజిటల్ సంతకం పెట్టి, తర్వాత జరిగిన మార్పులు నమోదయ్యే పద్ధతి ఒకటి వచ్చింది, కంటెంట్ క్రెడెన్షియల్స్ అంటారు. 2023 అక్టోబరులో వచ్చిన లైకా ఎం11-పీ దీన్ని లోపలే పెట్టుకుని వచ్చిన మొదటి కెమెరా. సంతకం ఉన్నంత మాత్రాన ఫోటో చెప్పేది నిజమని కాదు, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది. ఆ సమాచారం తుడిచేయడం కూడా కష్టమేం కాదు.

ప్రకటనల బొమ్మలు, కేటలాగులు, స్టాక్, వీటిల్లో పని తగ్గుతుంది, ఇప్పటికే తగ్గుతోంది. అక్కడ నిలబడి తీయాల్సిన పని ఉంటుంది. ఒక అవ్వ తొంభయ్యో పుట్టినరోజు ఫోటో ఎంత అందంగా కల్పించి ఇచ్చినా మనవలు తీసుకోరు.

నా ఫోటోలు ఎక్కడ దాచుకోవాలి?

ఒక సంగతి చెప్తాను. డిజిటల్‌కి మారిన కొత్తలో ఒక పెళ్లి మొత్తం ఒకే మెమరీ కార్డు మీద తీశాను. రాత్రి ఇంటికొచ్చి కంప్యూటర్‌కి పెడితే "కార్డుని ఫార్మాట్ చేయాలా?" అని అడిగింది. చెయ్యి వణికింది. ఆ కార్డుని ముట్టుకోకుండా పక్కన పెట్టి, మర్నాడు రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కూర్చుంటే మూడొంతులు దొరికాయి. దొరకనివాటిలో అప్పగింతలు ఉన్నాయి. ఆ ఇంటికి వెళ్లి చెప్పాను. ఆ ఇంటావిడ ఒక్క మాటా అనలేదు, మంచినీళ్లిచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

అప్పటి నుంచి రెండు కార్డుల మీద ఒకేసారి రాసే కెమెరాయే వాడుతున్నాను. మీకు చెప్పేది మా వృత్తిలో అందరూ చెప్పేదే: మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటికి దూరంగా. ఏడాదికోసారి తెరిచి చూడండి. హార్డ్‌డిస్కు అల్మరాలో పడుకుని కూడా చస్తుంది.

2013లో అంటార్కిటికాలోని ఒక పాత గుడిసెలో 22 నెగటివ్‌లు దొరికాయి, దాదాపు వందేళ్లనాటివి, తడిసి ముద్దలా అంటుకుపోయి. విడదీసి శుభ్రం చేస్తే అందులో మనుషులు కనిపించారు. వందేళ్లు మంచులో పడున్న మెమరీ కార్డు మీద నేను అంత ఆశ పెట్టుకోను. మరీ ముఖ్యమైన ఇరవై ముప్పై ఫోటోలకైనా మంచి కాగితం మీద ప్రింట్లు వేయించండి.

ఫిల్ము మళ్లీ వస్తోందా?

కొద్దిగా. 2024లో పెంటాక్స్ 17 అనే కొత్త ఫిల్ము కెమెరా వచ్చింది. ఒక్కో ఫ్రేముని సగం చేసి 36 రీలులో 72 తీస్తుంది. కొనేవాళ్లు ఎక్కువగా రీలు చూడని తరంవాళ్లే. ఎదురుచూడడం వాళ్లకి కొత్త రుచి. మాకు అది గతిలేక చేసిన పని.

పాత ప్రింట్లు, నెగటివ్‌లు ఉన్నాయి. డిజిటల్ చేసుకోవాలంటే?

ప్రింట్లని స్కానర్ మీద 600 డీపీఐతో (అంగుళానికి అన్ని చుక్కలని), 35 మిల్లీమీటర్ల నెగటివ్‌లని 3 వేల పైన స్కాన్ చేయండి. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి, తడిగుడ్డ పెట్టకండి. ఆల్బమ్‌కి అంటుకుపోయిన ప్రింటుని పీకొద్దు, పేజీతోనే స్కాన్ చేయండి. స్కాన్ అయిపోయింది కదా అని నెగటివ్‌లు పారేయకండి. పదేళ్ల తర్వాత ఇంతకంటే మంచి స్కానర్ వస్తుంది.

ప్రింటు వెనకవైపు కూడా స్కాన్ చేయండి. అక్కడ పెన్సిల్‌తో ఎవరో ఒక పేరు, సంవత్సరం రాసి ఉంటారు. రాసి లేకపోతే, ఆ ముఖాలు గుర్తుపట్టగలిగిన మనిషి పక్కన కూర్చుని ఈ ఆదివారమే అడిగి రాసుకోండి.